ఉందని చెప్తే పోయే విద్య

ప్రదర్శన మొదలుపెట్టే ముందు ఆయన మైకు దగ్గరికి వచ్చి ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు. "అమ్మలారా, అయ్యలారా, నేను చేసేది కళ. దీంట్ల మంత్రం లేదు, మహిమ లేదు, నా మీదికి ఎవలు రారు. నేర్చుకుంటె మీకు గూడ వస్తది. నచ్చితె చప్పట్లు కొట్టుండ్రి, చాలు."

ఆ మాట వింటూ ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అవునవునన్నట్టు తల ఊపేవారు. వాళ్లకు విషయం అర్థమైందని నేను సంతోషపడేదాన్ని. వాళ్లకు నిజంగానే ఒకటి అర్థమయ్యేది. అదేమిటో నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలిశాక చేయగలిగింది లేకపోయింది.

ఆయన పోయిన నెల పోయాడు. నందికొండ హిల్ కాలనీలో, డ్యాం ఉద్యోగుల పాత క్వార్టర్లలో, పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ అలాగే ఒరిగిపోయాడట. డ్యాం గేట్ల దగ్గర పని చేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఆయన్ని మంత్రాల సారు అనేవాళ్లు. ఆ పేరు వింటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఎగిరిపడేవాడు. అందుకే నేను ఉత్త సారు అనే పిలిచాను, ఇప్పుడూ అలాగే అంటాను.

నేను కేతేపల్లి దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెప్తాను. తెలంగాణ వచ్చిన కొత్తలో మా బడిలో ఒకమ్మాయి ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. మర్నాడు ఇంకో నలుగురు. బాణామతి చేశారని ఊరంతా పుకారు లేచింది, సగం మంది పిల్లలు బడి మానేశారు. హెడ్మాస్టరు ఎవరి ద్వారానో ఆయన్ని పిలిపించాడు. వచ్చి రెండు గంటలు ఆట ఆడించినట్టు ఆడించాడు. మడిచిన చీటీలు విప్పకుండా చదివాడు. పిల్లలు మనసులో అనుకున్న అంకెలు ముందే కాగితం మీద రాసిపెట్టినట్టు చూపించాడు. చివర్లో ఏది ఎలా చేశాడో విప్పి చూపించాడు. వాళ్లు అంకె పైకి అన్నాక గుట్టుగా రాయడానికి బొటనవేలి గోరు కింద అతికించుకున్న పెన్సిల్ ముక్క చూసి పిల్లలు పడీ పడీ నవ్వారు. మర్నాటి నుంచి బడికి వచ్చారు. పాఠం ఇలా చెప్పాలి అనుకున్నాను నేను. వెంటపడి, ఆదివారాలు నందికొండ బస్సెక్కి, ఆయన దగ్గర నేర్చుకున్నాను.

నేర్పడం అంటే కూర్చోబెట్టి చెప్పడం కాదు. మొదటి నెల అంతా బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టాడు. "ఆ పెద్దమనిషి యాడికి పోతుండు చెప్పు." పెళ్లికి అన్నాను, తెల్లచొక్కా చూసి. "పెండ్లికి పోయేటోడు చేతులు ఊపుకుంట పోతడు. ఈయన సంచి పొట్టకు పట్టుకుండు. సంచిల కాయిదాలున్నయి. కోర్టుకో, ఆఫీసుకో." వెళ్లి అడిగితే తహసీల్ ఆఫీసుకే. నాకు ఒళ్లు మండేది. ఆయన ఎప్పుడూ మొహాలు చూసేవాడు కాదు. "మొఖానికి అబద్ధం అలవాటు టీచరమ్మా. చేతులకు ఇంకా అలవాటు కాలే," అనేవాడు.

చాయ్ సాసరులో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవాడు. గోరు పెంచుకునేవాడు కాబట్టి ఇంట్లో అన్నం కలిపినప్పుడల్లా భార్య చేత తిట్లు తినేవాడు. ఆమె నాలుక ఆయన కంటే పదును. "ఊరోళ్ల మనసులన్నీ సదువుతడమ్మా ఈయన. ఇంట్ల ఉప్పయిపోయిందని మొన్నటి సంది నా మనసుల ఉన్నది. అది ఒక్కటి కనపడదు," అని నాకు ఫిర్యాదు చేసేది. ఆయన లేచి చొక్కా వేసుకుని ఉప్పు తేవడానికి పోయేవాడు.

జవాబు తెలిసినా వెంటనే చెప్పనిచ్చేవాడు కాదు. "జల్ది చెప్తె లెక్క. ఆగి చెప్తె మహిమ. అన్నీ సరిగ చెప్పకు, ఒకటి తప్పు చెప్పు. ఒకటి తప్పిన మనిషినే జనం నమ్ముతరు." నేను ఆ తప్పు చెప్పే దగ్గరే తడబడేదాన్ని. పదిహేనేళ్లు పిల్లల తప్పులు దిద్దిన నోరు, తప్పు చెప్పమంటే రాదు.

ఆయన చేసే వాటిల్లో నాకు బొత్తిగా నచ్చనిది దీపం ఆట. స్టేజీ మీద లైట్లు తీయించి, పాత ఇత్తడి దీపం ముట్టించేవాడు. డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊరి నుంచి తెచ్చిన దీపమని, ఆ ఇంటి ముసలమ్మ ఊరు విడిచి రానని గడప మీదే కూర్చుందని, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఆ గడప దగ్గర ఇంకా దీపం కనబడుతుందని, గొంతు తగ్గించి చెప్పేవాడు. అన్నీ కల్లలే, దీపం పాత సామాను కొట్లో కొన్నది. జనంలో ఒకరిని పిలిచి, చనిపోయిన వాళ్లలో ఇష్టమైన మనిషి పేరు చీటీ మీద రాయమనేవాడు. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిచ్చేవారు. చీటీ దీపంలో కాల్చి, ఆ బూడిద తన ముంజేతికి రుద్దుకునేవాడు. బూడిదలో ఆ పేరు నల్లగా తేలేది. హాలంతా ఊపిరి బిగబట్టేది.

"దయ్యాల కథలు చెప్పి దయ్యాలను పోగొడతారా సార్?" అని గొడవ పెట్టుకున్నాను.

"భయమైనంక నవ్వితెనే భయం పోతది. ఉత్తగ నవ్వితె పోదు," అన్నాడు. అందుకే ఆట అయిపోగానే లైట్లు వేయించి, సబ్బు ముక్క తీసి చూపించేవాడు. చీటీని కాల్చేముందు దొంగచాటుగా చూసి, తెర వెనక చేతి మీద సబ్బుతో పేరు రాసుకుంటాడు. సబ్బు తడి ఉన్న చోట బూడిద అంటుకుంటుంది. అంతే సంగతి.

యాదమ్మ మా మధ్యకి వచ్చింది ఆ దీపం ఆటలోనే. ఆమె నందికొండ బస్టాండు దగ్గర చేపలు అమ్మేది. మొగుడు పుట్టి మీద పోయి వల వేసేవాడు, ఈమె గంప నడుమున పెట్టుకుని కాలనీ అంతా తిరిగేది. నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది. ఆ రోజు స్టేజీ ఎక్కి తల్లి పేరు రాయించింది. సారు చేతి మీద లచ్చమ్మ అని తేలేసరికి అక్కడే కూలబడి ఏడ్చింది. సారు సబ్బు చూపించాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మర్నాడు చేపలు తెచ్చి ఆయన అరుగు మీద కూర్చుంది. నేనూ ఉన్నాను. "సబ్బుతోని రాసినవు సరే సారు. మా అమ్మ పేరు నీకెవలు చెప్పిండ్రు?"

"చీటీ చూసిన యాదమ్మా."

"మడిచిన చీటీ ఎట్ల చూస్తవు?"

ఎట్లా చూస్తాడో చేసి చూపించాడు. ఒకటికి మూడుసార్లు. ఆమె శ్రద్ధగా చూసింది. చేపలకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, ఆయన ఊరికే తీసుకోనన్నాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "మా ఊర్ల పసిరికలకు మందు పోసే తాత ఉండె టీచరమ్మా. గాయన గూడ గిట్లనే. నాతోని ఏమైతది బిడ్డా, నాకేం రాదు అంటుండె. ఎవలు ఏమిచ్చినా ముట్టకుండె. ఉన్నదని చెప్తె విద్య పోతది గద. అందుకే సారు చెప్పడు."

ముందు వరస ఆడవాళ్లు తల ఎందుకు ఊపేవారో ఆ రోజు తెలిసింది. మా పక్క కామెర్లకు ఆకు మందు పోసేవాళ్లకు నిజంగానే ఆ నియమం ఉంది. డబ్బు తీసుకోకూడదు, మందు పేరు చెప్పకూడదు, తనకు విద్య ఉందని అనకూడదు. డబ్బులు గుంజి, నాకు మహిమ ఉందని ఒట్టేసి చెప్పేవాణ్ని మా జనం ఒక్క చూపులో దొంగ అని పట్టేస్తారు. కాదు కాదు అనే నిజాయితీపరుడే దొరికిపోతాడు. నేను సారు మొహం చూశాను. ఆయన సాసరులో చాయ్ చల్లారిపోయింది.

కొన్నేళ్లు ఇది నవ్వులాటగానే నడిచింది. పోయిన మేకలు, పారిపోయిన కోడళ్లు, రాని ఉద్యోగాలు, అన్నీ అరుగు మీదికి వచ్చేవి. విసిగిపోయి గేటుకి బోర్డు పెట్టాడు, 'ఇక్కడ జాతకాలు, భవిష్యత్తు చెప్పబడవు' అని. తర్వాత ఆటోవాళ్లకు అదే గుర్తు అయింది. "బోర్డున్న ఇల్లే గద," అని నేరుగా తెచ్చి దింపేవారు. ఆయన భార్య బోర్డు పీకి పొయ్యిలో పెట్టింది.

ఒక ఆదివారం యాదమ్మ గేటు తీసి వస్తుంటే సారు సాసరు కింద పెట్టాడు. "గంప ఎందుకు కుడి నడుముకు మారింది?" అన్నాడు. ఆమె నిలబడిపోయింది. మొహంలో రక్తం లేదు. తర్వాత సారు భార్యను లోపలికి తీసుకుపోయి చూపించింది. ఎడమ రొమ్ములో గడ్డ. ఎన్నాళ్లుగా ఉందో ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. చెయ్యి ఎత్తితే గుంజుతుందని గంప మార్చింది.

"సూసినవా టీచరమ్మా," అంది బయటికి వచ్చి, కళ్లలో నీళ్లతో, కానీ ఏదో గెలిచినట్టు. "చెప్పకుండనే తెలిసింది."

సారు బతిమాలాడు. గంప చూసి అన్నానమ్మా, నాకేం తెలియదు, పట్నం పెద్ద దవాఖానకు పో. నేను తోడు వస్తానన్నాను. యాదమ్మ వినలేదు. "కోసినంక బతికినోళ్లను నేను సూడలే. నువ్వు జర కండ్లు మూసుకొని సూడు సారు. ఏం లేదను, గదే పోతది." ప్రతి ఆదివారం ఇదే. ఆమె మామూలుగా నవ్వేది, చేపల ధర కోసం కాలనీవాళ్లతో గొడవపడేది. మేము మాత్రం ఆమె చెయ్యి చూస్తూ కూర్చునేవాళ్లం. చెయ్యి రోజురోజుకూ తక్కువ ఎత్తుతోంది.

చివరికి ఒక మధ్యాహ్నం సారు లోపలికి వెళ్లి దీపం తెచ్చాడు. అరుగు మీద పెట్టి ముట్టించాడు. యాదమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇది కళ అని చెప్పకుండా ఆయన దీపం ముట్టించడం అదే మొదటిసారి. చాలా సేపు ఆగి, నేను ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు. "పట్నంల పెద్ద డాక్టరమ్మ ఉన్నది. ఆమె చేతుల మీద నీ గండం పోతదని కనపడుతున్నది. ఈ వారంలనే పోవాలె. ఆగితె గండం గట్టిపడతది."

యాదమ్మ లేచి, గంప కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. రెండో రోజే మొగుణ్ని తీసుకుని హైదరాబాదు బస్సెక్కింది. సారు దీపం ఆర్పకుండా అలాగే కూర్చున్నాడు. "మంచి పని చేశారు సార్," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు. జుట్టు రాలిపోయి, మనిషి సగమై తిరిగొచ్చింది. మెల్లగా జుట్టు వచ్చింది, గంప మళ్లీ నడుమెక్కింది. సందు సందునా చెప్పింది: దవాఖానలో కోసింది చెయ్యి మాత్రమే, చూపు మా సారుది. అలా చెప్పినందుకు నాకు చెప్పలేనంత కోపం వచ్చేది. రాత్రనక పగలనక ఆమెకు సేవ చేసిన ఆ డాక్టరమ్మ ఊరూ పేరూ లేకుండా పోయింది. సారు నన్నే ఊరుకోమనేవాడు. "బతికింది గద. గదే చాలు."

చాలదని త్వరలోనే తేలింది. డాక్టర్లు కొన్ని నెలలకోసారి వచ్చి పరీక్షలు చేయించుకోమన్నారు. మొదట్లో పోయింది. తర్వాత బస్సు ఎక్కే బదులు సారు అరుగు ఎక్కడం మొదలుపెట్టింది. "నువ్వు సూసి చెప్పు సారు, గంత దూరం పోవుడెందుకు?"

"నాకు కనపడదు యాదమ్మా. పోయి చూపించుకో."

ఆమె మొహం పాలిపోయేది. "పొమ్మంటున్నవంటె మల్ల వచ్చిందా?"

"రాలే. ఉత్తగ చూపించుకో."

"రాకపోతె ఎందుకు పొమ్మంటవు? నువ్వు ఉత్తగ అనవు."

పొమ్మంటే రోగం వచ్చిందని భయంతో ఇంట్లో ముడుచుకునేది. ఏం లేదంటే నిశ్చింతగా చేపలమ్ముకునేది. ఎటు చెప్పినా బస్సెక్కదు. నేను ఆమె మీద అరిచాను, ఆమె మొగుడి మీద అరిచాను. వాళ్లు నన్ను గౌరవించి విన్నారు. టీచరమ్మ కదా. దీపం పెట్టి పొమ్మనండి సార్ అని ఆయన మీద కూడా అరిచాను. "దీపం పెడితె వచ్చిందనే అనుకుంటది. గండం లేకుంటె దీపమెందుకు పెడతరు," అన్నాడు. అయినా ఒకసారి పెట్టాడు. యాదమ్మ దీపాన్ని చూడగానే ఏడుస్తూ గేటు దాటి పరుగెత్తింది, నెల దాకా ఆ పక్కకు రాలేదు.

ఆ తర్వాత ఆయన ఒక పిచ్చి ప్రయత్నం చేశాడు. తన మీద ఉన్న నమ్మకాన్నే చంపుదామనుకున్నాడు. కాలనీ పండుగలో ఒక ప్రదర్శన పెట్టించుకుని, యాదమ్మను స్టేజీ మీదికి పిలిచి, కావాలని అన్నీ తప్పు చెప్పాడు. ఆమె అనుకున్న అంకె తప్పు. చీటీ తప్పు. బూడిదలో వేరే పేరు తేలింది. పిల్లలు ఈలలు వేసి గోల చేశారు. బతుకంతా సంపాదించుకున్న పేరు అరగంటలో పోగొట్టుకుని, చెమటతో తడిసి, ఆశగా ఆమె మొహం చూశాడు. యాదమ్మ ముసిముసిగా నవ్వుతోంది. కిందికి దిగి నా చెవిలో అంది, "నన్ను పరీక్ష చేస్తుండు సారు. నమ్మకం ఉన్నదా లేదా అని. నేను పడతనా?"

ఆ సాయంత్రం అరుగు మీద ఆయన ముంజేతికి మిగిలిన బూడిద తుడుచుకుంటూ కూర్చున్నాడు. "నమ్మించుడు నేర్చుకున్న టీచరమ్మా," అన్నాడు చివరికి. "నమ్మకం ఇడిపించుడు యాడ నేర్పిస్తరో తెల్వది."

రోగం తిరగబెట్టింది. వెన్నులోకి పాకేదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. పట్నం తీసుకుపోతే, ముందే ఎందుకు రాలేదని ఆ డాక్టరమ్మ వాళ్లను తిట్టి, తర్వాత తనే కళ్లద్దాలు తీసి తుడుచుకుందట. ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

మేము చూడటానికి వెళ్లినప్పుడు యాదమ్మ మంచంలో ఉంది. వలలు ఆరేసిన గోడ పక్కన, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. సారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తల వంచుకున్నాడు. ఆమె తనను తిడుతుందని, తిట్టాలని, ఆయన వచ్చాడని నాకు తెలుసు. ఇన్నేళ్లలో మొహం చూసి నేను సరిగ్గా చదవగలిగింది అదొక్కటే.

యాదమ్మ చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకుంది. "నీకు ముందే తెలుసు సారు," అంది. "చెప్తె నా గుండె పగులుతదని చెప్పలే. నీ కడుపుల పెట్టుకొని ఎంత బాధపడ్డవో. మంచిగ చేసినవు. నవ్వుకుంట బతికిన గిన్ని రోజులు."

ఆయన నోరు తెరిచాడు. నాకు తెలియదు యాదమ్మా అనబోయాడు, నేను పక్కనే ఉన్నాను. అంటే ఆమెకు ఆ చివరి ఊరట కూడా ఉండదు. నోరు మూసుకుని తల ఊపాడు. తనకు లేని విద్యకు, చేయని మేలుకు, క్షమ లాంటి ఆ కృతజ్ఞతను తీసుకుని బయటికి వచ్చి, గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఇంకేం చేయగలను.

యాదమ్మ పోయాక ఆయన ఒక్క ప్రదర్శన కూడా ఇవ్వలేదు. గోరు కత్తిరించుకున్నాడు. నేను ఆదివారాలు వెళ్తే చాయ్ తాగేవాళ్లం, కరెంటు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఎవరైనా గేటు దగ్గర నిలబడితే భార్య పోయి లేడని చెప్పేది. లేడంటే తపస్సులో ఉన్నాడని అనుకున్నారని తర్వాత తెలిసింది.

సారు దినాల నాడు నేను వెళ్లాను. టెంటు కింద జనం భోజనాలు చేస్తున్నారు. సారు భార్యతో కాసేపు కూర్చుని బస్సుకి బయల్దేరుతుంటే గేటు బయట ఒకామె ఎదురొచ్చింది. ముప్పై లోపు ఉంటుంది, చంకలో నాలుగేళ్ల పిల్లాడు. వాడి నుదుటి మీద పాత గాయం, పెదవి మీద కొత్త గాయం.

"సారు పోంగ విద్య నీకిచ్చి పోయిండంట గదమ్మా."

"విద్యా లేదు ఏమీ లేదమ్మా. అదంతా కళ. నేర్చుకుంటే నీకూ వస్తుంది," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే ఆమె తల ఊపడం మొదలుపెట్టింది.

పిల్లాడికి ఫిట్స్. పడినప్పుడల్లా ఎక్కడో తగులుతోంది. తావీదు కట్టించారు, నిమ్మకాయలు దిగదుడిచారు. నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాను, మందులు వాడితే తగ్గుతుందని, ఇది గాలీ ధూళీ కాదని, నరాల జబ్బని, సైన్సు టీచరుకు తెలిసినదంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "నువ్వు సూసి చెప్పు తల్లీ, పొమ్మంటె పోత," అంది.

నాకు యాదమ్మ దుప్పటి కనబడింది. పిల్లాడు నా గాజులు లాగి ఆడుకుంటున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"నల్లగొండకు పోవాలె," అన్నాను, వాళ్ల మాటలోనే. "దీనికి పత్యం ఉన్నది. డాక్టరు రమ్మన్నప్పుడల్లా పోవాలె. పిలగాడు మంచిగ ఉన్నా పోవాలె. మందు ఒక్క పూట తప్పొద్దు. పత్యం తప్పితె నేను చెప్పింది పనిచెయ్యది."

ఆమె మొహం ఒక్కసారిగా తేటపడింది. పత్యం అంటే ఆమెకు తెలుసు. నేను చెప్పిన మాటలు పెదవులు కదిలిస్తూ ఒప్పజెప్పుకుంది. "మంచిగ ఉన్నా పోవాలె. మంచిగ ఉన్నా పోవాలె." పిల్లాణ్ని కింద దింపి, వంగి నా కాళ్లు మొక్కింది.

నేను వద్దనలేదు.